పాటకీ పాటకీ మధ్య ఆ ఖాళీ ఎక్కడిది?

ప్రశ్న: మడోన్నా 2005 ఆల్బమ్ 'కన్ఫెషన్స్ ఆన్ ఎ డాన్స్ ఫ్లోర్' ఎక్కడా ఆగకుండా సాగుతుందంటారు. నా ఫోన్‌లో మాత్రం ప్రతి పాట చివరా చిన్నగా తెగుతోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: ఆల్బమ్‌లో కాదు, ఫైల్‌లోనో ప్లేయర్‌లోనో ఉంది. ఎంపీ3లో శబ్దం 1152 శాంపిళ్ల (శబ్దపు చిన్న కొలతల) ఫ్రేములుగా ఉంటుంది. చివరి ముక్క ఫ్రేముకు చాలకపోతే మిగతా చోటు నిశ్శబ్దంతో నిండుతుంది. మొదట్లోనూ కాస్త ఖాళీ చేరుతుంది. విడి పాటల్లో ఇది తెలియదు. డ్రమ్ము మోగుతుండగా తెగితే మాత్రం చెవి వెంటనే పట్టేస్తుంది.

సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకుండా వినిపించేది) ఆన్ చేయండి, షఫుల్ తీసేయండి. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపే క్రాస్‌ఫేడ్ సున్నాలో ఉండాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు: ముందే కలిపిన పాటల చివర్లను అది మళ్లీ ఒకదానిమీద ఒకటి వేస్తుంది, తాళం తప్పుతుంది. అప్పటికీ తెగితే మీ దగ్గరున్నది అన్‌మిక్స్‌డ్ వెర్షనేమో చూడండి. అదీ విడుదలైంది, అందులో పాటలు విడివిడిగానే ఉంటాయి.

ప్రశ్న: దీన్ని ఆమె పునరాగమనం అంటారెందుకు?

జవాబు: గిటార్, రాజకీయ వ్యాఖ్యలతో వచ్చిన 2003 నాటి 'అమెరికన్ లైఫ్' మునుపటి ఆల్బమ్‌లంతగా అమ్ముడుపోలేదు. ఆ తర్వాత నిర్మాత స్టువర్ట్ ప్రైస్‌తో కలిసి నేరుగా డిస్కోకే వెళ్లింది. ఈ ఆల్బమ్‌లోని 'హంగ్ అప్' పాటలో వినిపించే ఆ సింథ్ వరస ఆబా బృందం 1979 పాటలోది. తమ పాటల ముక్కలను ఇతరులు వాడుకోవడానికి అరుదుగా ఒప్పుకునే ఆబా దీనికి అనుమతిచ్చింది. నిజానికి ఆమె క్లబ్ సంగీతంతోనే మొదలైంది కాబట్టి కొత్త వేషమనడం పూర్తిగా సరికాదు.