సైకిల్ చేతులు మారింది, ఖాతా మారలేదు

సెకండ్‌హ్యాండ్ రోడ్ బైక్, అంటే రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిల్ గురించి పాఠకులు మళ్లీ రాశారు. ఉత్తరాలు వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చినా బాధ ఒకటే కాబట్టి ఈ వారం చోటంతా దానికే.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర ఎలక్ట్రానిక్ గేర్ల రోడ్ బైక్ కొన్నాను. బస్సు డిక్కీలో వేయించి తెచ్చుకున్నాను. వెనక మధ్య గేర్లలో చైను దూకుతోంది. కొబ్బరి నూనె రాసినా తగ్గలేదు. గేర్ల యాప్ తెరిస్తే పాస్‌కీ అనే రహస్య నంబరు అడుగుతోంది. సైకిల్‌తో ఇచ్చిన జీపీఎస్ కంప్యూటర్‌లో (వెళ్లిన దారి, వేగం నమోదు చేసే చిన్న పరికరం) ఇంకా పాత ఓనర్ పేరే వస్తోంది. అప్‌డేట్ చేస్తే ఇవన్నీ బాగవుతాయా సార్? (అమలాపురం పాఠకుడు)

చైను అప్‌డేట్‌తో బాగవదు. మీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాట బస్సు డిక్కీ. గేరు మార్చినప్పుడు చైనుని ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపేది డీరైలర్. వెనక డీరైలర్‌ని ఫ్రేముకు పట్టి ఉంచేది హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క. దెబ్బ తగిలితే ఫ్రేము కంటే ముందు తను వంగాలని దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు. గేర్ల వైపు కిందికి వచ్చేలా పడుకోబెట్టి పైన నాలుగు బ్యాగులు వేస్తే చాలు, వంగిపోతుంది. సైకిల్ వెనక గొంతుక్కూర్చుని చూడండి. డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలు, చైను ఎక్కి ఉన్న పళ్లచక్రం ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చక్రం లోపలికి ఒరిగి కనిపిస్తే హ్యాంగర్ వంగినట్టే. రోడ్ బైక్‌లు చూసే మెకానిక్ దగ్గర దాన్ని సరిచేసే గేజి ఉంటుంది. అప్పటిదాకా స్క్రూలు తిప్పకండి, పెద్ద పళ్లచక్రం మీదికి గేరు మార్చకండి. డీరైలర్ స్పోకుల్లోకి వెళ్లిందంటే చక్రం, డీరైలర్ రెండూ పోతాయి.

హ్యాంగర్ బాగానే ఉంటే స్టీలు స్కేలుతో చైను కొలవండి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, కొత్త చైనుకి అక్కడి నుంచి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అంగుళంలో 16వ వంతు దాటి జరిగిందంటే అర శాతం సాగినట్టు. వెనక 11, 12 గేర్లుండే సైకిళ్ల చైన్లను అక్కడే మార్చేయాలి. ఇంకొన్నాళ్లు లాగిద్దాం అనుకుంటే అది వెనక పళ్లను అరగదీస్తుంది. అప్పుడు అయ్యే ఖర్చు చైనుకి కొన్ని రెట్లు.

కొబ్బరి నూనె కోనసీమలో చేతికందే నూనె, నిజమే. కానీ అది 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. ధనుర్మాసం పొద్దున సైకిల్ తీస్తే చైను లింకుల మధ్య గడ్డకట్టి ఉంటుంది. పైగా కాలవగట్టు దుమ్మునంతా పట్టుకుంటుంది. డీజిల్‌తో కడిగి, బాగా ఆరాక, సైకిల్ చైను కోసమే అమ్మే నూనె లింకుకొక చుక్క వేసి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి. మీది ఉప్పుగాలి తగిలే ఊరు కాబట్టి సీటు గొట్టాన్ని ఏడాదికి రెండుసార్లు బయటికి తీసి గ్రీజు రాయండి. స్టీలు ఫ్రేములో అల్యూమినియం గొట్టం కరుచుకుపోతే తర్వాత రంపంతో కోయాల్సి వస్తుంది. కార్బన్ గొట్టమైతే గ్రీజు రాయకూడదు, దానికి వేరే పేస్టు ఉంటుంది.

తుప్పు వదిలించే స్ప్రేని చైనుతోపాటు డిస్క్ బ్రేకు మీద కూడా కొట్టిన పాఠకులున్నారు. నూనె తాగిన ప్యాడ్లు పట్టవు, మార్చాల్సిందే. ఇలా చేసేవాళ్ల మీద నాకు కోపం వస్తుంది. వంతెన దిగేటప్పుడు ప్రాణం ఆ బ్రేకు మీదే ఉంటుంది.

పాస్‌కీ పాత ఓనర్‌ని అడగండి. ఆయన మర్చిపోతే డీలర్ దగ్గరికి వెళ్లాలి. గేర్లను కొంచెం అటూ ఇటూ జరపడానికి మాత్రం చాలా మోడళ్లలో యాప్ అక్కర్లేదు, సైకిల్ మీది బటన్లతోనే అవుతుంది. ఆ సంగతి మాన్యువల్‌లో ఎక్కడో లోపలి పేజీల్లో రాసి, పైన మాత్రం 'యాప్ డౌన్‌లోడ్ చేయండి' అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. తీగతో నడిచే గేర్లయితే వేళ్లతో పావు చుట్టు తిప్పి సరిచేసుకునే పని ఇది. దానికి ఫోను, యాప్, పాస్‌వర్డ్ అన్నీ తగిలించడం సైకిల్ తయారీలో ఈ మధ్య వచ్చిన చెడ్డ అలవాటు. తీర ప్రాంతంలో తుపాను వచ్చి మూడు రోజులు సిగ్నల్ లేకపోతే సైకిల్ బాగుచేసుకోవడం కూడా ఆగిపోవాలా?

మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయమే నాకు ఎక్కువ టెన్షన్. ఆ కంప్యూటర్‌లో పాత ఓనర్ పేరు.

రెండేళ్ల కిందట నేనూ ఇలాంటిదే ఒకటి పాతది కొన్నాను. ఆన్ చేసి చూస్తే పాత ప్రయాణాలన్నీ లోపలే ఉన్నాయి. రోజూ తెల్లవారుజామున ఒకే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర మొదలు, ఏడు లోపు అదే గేటు దగ్గర ఆఖరు. ఆదివారాలు మాత్రం దూరం, నాలుగైదు గంటలు ఇంటి దగ్గర ఉండడు. గుండె వేగం, బరువు, వయసు అన్నీ ఉన్నాయి. ఆయన ముఖం కూడా నేను చూడలేదు, పార్సిల్‌లో వచ్చింది. కానీ ఆ ఇల్లు ఏ రోజు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటుందో నాకు తెలిసిపోయింది. వెంటనే ఫోన్ చేసి చెప్పి, అన్నీ చెరిపేశాను. ఆయన 'పర్లేదండీ, అందులో ఏముంటుంది' అన్నారు. ఆ మాటే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

మీ విషయంలో ఇది రెండు వైపులా ఉంది. ఆయన వివరాలు మీ చేతిలో ఉన్నాయి. పాత ఖాతా తీయకుండా దాన్ని వాడితే, మీ ప్రయాణాలు ఆయన ఖాతాలోకి వెళ్లే అవకాశం ఉంది. ముందు ఆయన తన ఖాతాలోంచి ఈ పరికరాన్ని తీసేయాలి. తర్వాత మీరు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మీ ఖాతాతో కలిపి, అప్పుడు అప్‌డేట్ పెట్టాలి. సీటు కింద, సీసా పెట్టే స్టాండు వెనక చేయి పెట్టి వెతకండి. దొంగల భయంతో బిగించిన ట్రాకర్ అక్కడ ఉండిపోతే, మీ సైకిల్ ఎక్కడుందో పాత ఓనర్ ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. పెడళ్ల మధ్య ఫ్రేము అడుగున ఉండే నంబరు బిల్లుతో సరిపోయిందో లేదో కూడా చూసుకోండి.

ప్రశ్న: రోజూ పొద్దున్నే పాలకొల్లు వైపు నుంచి చించినాడ వంతెన దాకా తొక్కుతాను. ప్రయాణాలు నమోదు చేసే యాప్‌లో ఎవరో తెలియని మనిషి 'ఈరోజు లేటయిందేంటి' అని పెట్టాడు. ఇంటి చుట్టూ దారి కనిపించకుండా దాచే సెట్టింగ్ ఆన్‌లోనే ఉంది. అయినా ఎలా తెలిసింది? (ఒక పాఠకురాలు)

అమ్మా, ఆ సెట్టింగ్ నగరాల కోసం చేసింది. నగరంలో ఇంటి చుట్టూ 200 మీటర్లు దాస్తే అందులో వందల కొంపలుంటాయి. మన డెల్టాలో కాలవగట్టు మీద అదే 200 మీటర్లలో కొబ్బరితోట, చెరువు, మీ ఇల్లు ఉంటాయి. గీత ఎక్కడ మాయమైందో చూస్తే చిన్నపిల్లాడికైనా ఇల్లు తెలిసిపోతుంది. పైగా ఉన్నది ఒకటే దారి. వంతెన మీద ఎవరు ఎంత వేగంగా వెళ్లారో పట్టిక వేసే సదుపాయం ఉంటే, మీ పేరు, మీరు వెళ్లే వేళ అందులోంచే బయటికొస్తాయి.

ఇలాంటి ఒక యాప్ తన సభ్యులు తిరిగిన దారులన్నీ చూపిస్తూ 2017 నవంబరులో విడుదల చేసిన ప్రపంచ పటంలో, పరుగు పెట్టిన సైనికుల వల్ల సైనిక స్థావరాల ఆకారాలే 2018 జనవరిలో బయటపడ్డాయి. సైన్యానికే తప్పలేదు. పోటీ పట్టికలు, అందరికీ కనిపించడం అనేవి మొదటి నుంచే ఆన్‌లో పెట్టి యాప్ ఇవ్వడం నా దృష్టిలో నేరంతో సమానమైన నిర్లక్ష్యం. ఆ డిజైన్ చేసినవాళ్లు ఒక్కసారైనా తెల్లవారుజామున ఒంటరిగా తొక్కే ఆడపిల్ల వైపు నుంచి ఆలోచించి ఉండాల్సింది.

ఈరోజే అన్నిటినీ 'నాకు మాత్రమే' కి మార్చండి. ఇక మీదటి వాటికే కాదు, పాత ప్రయాణాలకు కూడా విడిగా మార్చాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ మనిషిని బ్లాక్ చేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. రికార్డింగ్ ఇంటి దగ్గర కాకుండా మెయిన్ రోడ్డు ఎక్కాక మొదలుపెట్టండి. కొన్నాళ్లు వేళ మార్చండి, తోడు ఉంటే ఇంకా మంచిది. మళ్లీ ఏదైనా పెడితే ఆలోచించకుండా పోలీసులకు చెప్పండి.

ప్రశ్న: వైర్‌లెస్ గేర్లను హ్యాక్ చేయొచ్చా? (భీమవరం ఇంజనీరింగ్ విద్యార్థి)

చేయొచ్చని 2024లో అమెరికా పరిశోధకులు షిమానో కంపెనీ గేర్ల మీద చూపించారు. గేరు మార్చే సిగ్నల్‌ని పట్టి దాచుకుని, మళ్లీ వదిలితే 10 మీటర్ల దూరం నుంచే గేరు మారింది. ఆ కంపెనీ దాన్ని అప్‌డేట్‌లో సరిచేసింది, మీవి ఆ గేర్లే అయితే ఆ అప్‌డేట్ పెట్టించండి. రేసుల్లో తొక్కేవాళ్లకు ఇది పెద్ద విషయం. మీకు అంతకంటే ముఖ్యం పైన చెప్పిన ఖాతా సంగతి.

ప్రశ్న: మా ఊరి షాపులో గాలి ఎక్కడం లేదు. ట్యూబే మార్చాలంటున్నారు. (రాజోలు)

మార్చొద్దు. మీది సన్నటి ఫ్రెంచి వాల్వు. మన పంపులు దానికి సరిపోవు. చిన్న ఇత్తడి అడాప్టర్ దొరుకుతుంది, రెండు కొని ఒకటి సీటు కింద సంచిలో పడేయండి. గాలి కొట్టే ముందు వాల్వు కొసన ఉన్న చిన్న నట్టు వదులు చేయాలి. అది బిగించి ఉన్నంతసేపూ చుక్క గాలి కూడా పోదు. కొట్టాక మళ్లీ బిగించండి.