మొదటి బైకు ఎంత బరువుండాలి?

ప్రశ్న: నా వయసు 22, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. స్కూటరు తప్ప గేర్ల బండి నడపలేదు. ఉద్యోగానికి రోజూ కాజీపేట వెళ్లాలి. మిత్రులు బుల్లెట్ 350 కొనమంటున్నారు, నాన్నగారు 100 సీసీ బండి చాలంటున్నారు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ప్రస్తుతానికి మీ నాన్నగారి మాటే సరైనది. కొత్తగా నేర్చుకునేవారు వేగంగా పోతున్నప్పుడు కంటే, కంకర మీద ఆగబోతూనో, ఇరుకు సందులో బండి తిప్పుతూనో పడిపోవడం ఎక్కువ. అలా ఒరిగిన బండిని కాలితో ఆపగలమా లేదా అన్నది దాని బరువును బట్టి ఉంటుంది. బుల్లెట్ బరువు సుమారు 195 కిలోలు కాగా, 100 సీసీ తరగతికి చెందిన స్ప్లెండర్ ప్లస్ 112 కిలోల దగ్గరే ఉంటుంది. షోరూములో సీటు మీద కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూసుకోండి; ఇంజను ఆపి, బండిని వెనక్కి నెట్టి చూడండి. అమ్మేవారు విసుక్కున్నా ఫరవాలేదు.

వెనుక తరచూ ఒకరు కూర్చునేట్లయితే 125 సీసీ తీసుకోవచ్చు. 125 సీసీ దాటిన కొత్త బళ్లకు 2019 నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి అయినా, ఆ ఒక్క కారణంతో బరువైన బండి వద్దు. ముందుగా గేర్ల బండికి లెర్నర్ లైసెన్సు తీసుకోండి. దాని గడువు 6 నెలలు, 30 రోజులు గడిచాక పరీక్షకు వెళ్లవచ్చు. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ఖర్చును బండి ధరలోనే కలిపి లెక్కవేసుకోండి.