ప్రవక్తను కించపరిచే కార్టూన్లు వస్తే ముస్లింలు ఏం చేయాలి?

నన్నడిగితే, ముందు ఆ బొమ్మను ఇంకొకరికి పంపడం మానాలి. నేను విజయవాడ ముస్లింని. కోపంతో మనవాళ్లు చేసే ఫార్వర్డులే వాటికి పెద్ద ప్రచారం. 2005లో ఒక డెన్మార్క్ పత్రిక 12 కార్టూన్లు వేసింది. మరుసటి ఏడాది డమాస్కస్, బీరూట్‌లలో ఆ దేశ దౌత్య కార్యాలయాలు తగలబడేసరికి ఎక్కడ చూసినా వాటి మాటే.

2015 జనవరిలో పారిస్‌లో ప్రవక్త మీద కార్టూన్లు వేసిన షార్లీ ఎబ్డో పత్రికపై దాడి జరిగి 12 మంది చనిపోయారు. ఆ శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక పంజా సెంటర్ దగ్గర టీ తాగుతున్నాం. ఒక కుర్రాడు ఫోన్ తీసి ఆ కార్టూన్ చూపించబోయాడు. మా పిల్లలకు ఖురాన్ నేర్పే చాచా ముఖం తిప్పుకున్నారు.

"ఇంత అవమానం చేస్తే ఊరుకోమంటారా చాచా?"

"అది నీ ఫోన్లోకి ఎవరు పంపారు బేటా?"

"మన గ్రూపులోనే వచ్చింది."

చాచా ఖురాన్‌లో నిసా అనే సూరా (అధ్యాయం)లోని 140వ ఆయత్ (వాక్యం) చెప్పారు. అల్లాహ్ వాక్యాలను ఎగతాళి చేస్తుంటే, వాళ్లు వేరే మాటలోకి వెళ్లేదాకా వాళ్లతో కూర్చోవద్దని అందులో ఉంది. "లేచి రమ్మన్నాడు, కొట్టి రమ్మనలేదు" అన్నారు. పక్కనున్న ఒకాయన ఒప్పుకోలేదు. ఊరుకుంటే అలుసైపోతాం, కేసు పెట్టాలి అన్నాడు. పెట్టుకోవచ్చు, తప్పులేదు. మతాన్ని కావాలని అవమానిస్తే శిక్షించే, అప్పటి ఐపీసీలోని 295ఎ సెక్షన్ వచ్చిందే లాహోర్‌లో ప్రవక్త మీద అచ్చేసిన ఒక పుస్తకం గొడవ తర్వాత, 1927లో. అయినా 1929లో దాన్ని అచ్చువేసినాయన్ని చంపేశారు. చంపిన కుర్రాణ్ణి ఉరితీశారు. ఆ పుస్తకం పేరు మాత్రం ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

నాకు అన్నిటికన్నా బాధేసింది ఇంకొకటి. పారిస్‌లో ఆ దుండగులు కాల్చి చంపిన పోలీసు అహ్మద్ మెరాబే ముస్లిం. మా టీకొట్టు దగ్గర అంతసేపు వాదించుకున్నా ఆయన పేరు ఒక్కరూ ఎత్తలేదు. టీవీ చర్చలకు పిలిచేది కూడా గొంతు చించుకునేవాళ్లనే, చాచా లాంటివాళ్లను పిలవరు. మర్నాడు ఆఫీసులో "మీవాళ్లు ఇలా ఎందుకు చేశారండీ" అని నన్నడుగుతారు. చంపినవాళ్లు నావాళ్లెలా అవుతారు? అలా అడిగినవాళ్లకు నేను మెరాబే గురించి చెబుతాను.