పాత ఆస్తి జాబితాల మీద పీహెచ్‌డీ అంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. అమ్మాయి ఎకనామిక్స్, హిస్టరీతో బీఏ పూర్తిచేసింది. ఇంగ్లండ్‌లో వెనకటి రైతులు చనిపోయాక రాసిన ఆస్తి జాబితాల మీద అక్కడే రీసెర్చ్ చేస్తుందట. బీఈడీ చెయ్యమంటే వినట్లేదు.

జవాబు: టెన్షన్ పడకండి సార్, అదేం పనికిరాని సబ్జెక్టు కాదు. అక్కడ 1529 చట్టం తర్వాత, అంతో ఇంతో కలిగినవాళ్లు పోతే ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి మంచాలు, గిన్నెలు, గొడ్డూగోదా, గాదెలో గింజలు, చేలో ఉన్న పైరు దాకా ధర కట్టి రాసేవాళ్లు. మార్క్ ఓవర్టన్ అనే చరిత్రకారుడు వాటిలోంచి దిగుబడి లెక్క తీశాడు. కోతకు ముందు ఎకరం పైరుకు వేసిన విలువని గింజ ధరతో పోల్చి, కోత ఖర్చూ అదీ సర్దుకుంటే ఎకరానికి ఎంత పండిందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. చేను చూసి రేటు కట్టే మీలాంటి వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే వాటిలో సొంత భూమి లెక్కకి రాదు, పోయినాయన ఇవ్వాల్సిన బాకీలు మామూలుగా ఉండవు, కూలీల జాబితాలు బాగా తక్కువ. అవి చూసి ఊరంతా అలాగే బతికిందనుకోకూడదు.

నాకు నచ్చనిది ఇంగ్లండ్ వెళ్లడం ఒక్కటే, అప్పుచేసి మాత్రం పంపొద్దు. మన ఉమ్మడి కుటుంబాల్లో మనిషి పోగానే జాబితా రాసే పద్ధతి లేదు, నిజమే, కానీ పంపకాల దావాలు, జమీందారీ రికార్డులు, కైఫీయతులు (ఊళ్ల చరిత్ర రాసిన పాత రికార్డులు) ఉన్నాయి. అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో పోయాక ఆ ఆస్తి తగాదా అప్పట్లో అన్నిటికన్నా పై కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది! మద్రాసు ప్రెసిడెన్సీ కాలం కాగితాలు చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో చూడొచ్చు. కరణాల గొలుసుకట్టు రాత చదవగలిగి, పాత ధాన్యం కొలతల్లో పుట్టికి 20 తూములని తడుముకోకుండా లెక్క కట్టే కుర్రాళ్లు ఇప్పుడెక్కడున్నారు? అది నేర్చుకుంటే అమ్మాయికి పోటీ తక్కువ.

ముందు సీయూఈటీ పీజీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలాంటి చోట ఎంఏ చెయ్యమనండి, పక్కన ఎక్సెల్, స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకోమనండి, రేపు రీసెర్చ్ కుదరకపోయినా డేటా ఉద్యోగాలకి అవే పనికొస్తాయి. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37,000 ఫెలోషిప్, అది వచ్చాకే పీహెచ్‌డీ. లెక్చరర్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలీదు, ఆ మాట ఇప్పుడే చెప్పేయండి.

ఈలోగా ఇంట్లో మీ తాతల నాటి పంపకాల దస్తావేజు ఉంటే తనకివ్వండి. వస్తువు, విలువ, ఎవరి వాటా అని ఎక్సెల్‌లో ఎక్కించమనండి. రెండు పేజీలకే విసుక్కుంటే బీఈడీ మాట మళ్లీ ఎత్తండి.