మూడు తప్పులుంటే ఒక్క ఎర్రరే ఎందుకు వస్తోంది?

కర్నూలు ఉల్లి యార్డు ఫారంలో మూడు ఫీల్డులు తప్పుగా నింపినా ఒక్క ఎర్రరే వస్తోందన్నారు కదా, కారణం మీ కోడ్‌లో రైతు క్లాసులోని సెట్టర్లే (ఫీల్డుల్లో విలువలు పెట్టే మెథడ్లు). మొదటి తప్పుకే ఎక్సెప్షన్ (కోడ్‌ను అక్కడే ఆపేసే ఎర్రర్) విసిరేస్తున్నాయి, మిగతా ఫీల్డుల దాకా కోడ్ పోనే పోదు.

1. సెట్టర్లలో త్రో తీసేయండి. వాలిడేట్ అని ఒక మెథడ్ రాసి, తప్పుల లిస్టు రిటర్న్ చేయించండి. ప్రతి తప్పుకూ ఫీల్డు పేరు, మెసేజ్ రెండూ ఉండాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే. క్వింటాళ్ల ఫీల్డులో "12 బస్తాలు" అని కొడితే, నంబరుగా మార్చేటప్పుడే ఎక్సెప్షన్ వస్తుంది, వాలిడేట్ దాకా రాదు. ఆ మార్పిడిని, ఎక్సెప్షన్ వస్తే పట్టుకునే ట్రై-క్యాచ్‌లో పెట్టి, ఆ తప్పునూ అదే లిస్టులో వేయండి. రైతు కొట్టింది స్ట్రింగ్‌గానే ఉంచుకుని ఫారంలో మళ్లీ అట్లే చూపండి. అక్కడ సున్నా కనబడితే ఆయనకేం అర్థమవుతుంది?

3. లిస్టు ఖాళీగా ఉంటేనే సేవ్. లేకుంటే 422 స్టేటస్‌తో (పంపిన డేటాలో తప్పుందని సర్వర్ చెప్పే కోడ్) అదే ఫారం.

ఇప్పుడు ఫారంలో వచ్చే "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" మెసేజ్ కూడా తీసేయండి సార్, దాంతో ఎవరికీ ఉపయోగం లేదు. "క్వింటాళ్లు అంకెల్లోనే రాయండి, ఉదా: 12.5" అని పెట్టండి.