బాల్ పైథాన్ బతికున్న ఎలుకను ముట్టడం లేదా? ముందు వేడి చూడండి

మీ పెంపుడు బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి కొండచిలువ) ఎలుకను తినడం లేదని, రాత్రంతా ఎలుకను దాని పెట్టెలోనే వదిలేస్తే పాము వీపు మీద గాటు పడిందని రాశారు. తినకపోవడం ఆకలి లేక కాదు, చలి వల్లే అయ్యుంటుంది. బెంగళూరులో డిసెంబరు రాత్రులు 15–16 డిగ్రీలకు దిగుతాయి. ఆ చలిలో ఈ ఆఫ్రికా పాము తినదు, తిన్నా అరగదు.

మీరు రాసినట్టు ఎలుకను రాత్రంతా లోపలే వదిలేయడం ఇక వద్దండి. పాము పట్టకపోతే ఎలుకే దాన్ని కొరికేస్తుంది. వీపు మీద ఉందన్న ఆ గాటును ఇవాళే పాముల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించండి.

1. పాము పెట్టెలో వెచ్చని వైపు నేల దగ్గర 31–32, చల్లని వైపు 25–27 డిగ్రీలు. థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) తప్పనిసరి.

2. రెండు వైపులా దాక్కునే చోటు.

3. గాటు మానాక, చంపి ఫ్రీజ్ చేసిన ఎలుకకు మార్చండి. చాలామంది కరిగించి అలాగే పెట్టేస్తారు, అది చాలదు! ఈ పాము పెదవుల మీది గుంటలతో వేడిని పసిగడుతుంది. కరిగిన ఎలుకను కవర్లో ఉంచి వేడినీళ్లలో ముంచండి. తల దాదాపు 38 డిగ్రీలకు వచ్చాక, లైటు ఆర్పేసి, పొడవాటి పట్టకారుతో మెల్లగా కదపండి. మైక్రోవేవ్ మాత్రం వద్దు.

4. ముట్టకపోతే తీసేసి, వారం ఆగండి.

పెద్ద పాము చలికాలంలో కొన్ని వారాలు తినకపోయినా టెన్షన్ వద్దు. బరువు 10 శాతం తగ్గితే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.