శివారు రైతు ఫోన్లో తెరుచుకోవాలి

అల్లుడూ,

మన నీటి సంఘానికి వెబ్‌సైటు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. రావులపాలెంలో ఇరవై ఏళ్లు డీటీపీ షాపు నడిపినవాణ్ణి కాబట్టి నా తప్పొకటి ముందే చెప్తాను.

అప్పట్లో కాలవ వంతుల పట్టికలు, పూడికతీత లెక్కలు నేనే టైపు చేసేవాణ్ణి. ఆనాటి ఫాంట్లలో అక్షరం చూడ్డానికే తెలుగు, లోపలంతా ఇంగ్లీషు అక్షరాల కోడే. మొన్న ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడేళ్ల లెక్కలు, రాసిన నాకే పనికిరావు! నువ్వు ప్రతి అక్షరమూ యూనికోడ్‌లోనే కొట్టు, తెలుగు అక్షరానికి తెలుగు కోడే ఉంటుంది అందులో. రిజిస్టరు పేజీలు ఫోటో తీసి, పీడీఎఫ్ చేసి, అన్నీ పెట్టేశాం అనకు. అందులో ‘పూడిక’ అని వెతికితే ఏమీ దొరకదు. చూపు ఆనని పెద్దాయనకు ఫోను చదివి వినిపించలేదు. లెక్క దాచడానికి బీరువా అక్కర్లేదు, అలాంటి పీడీఎఫ్ చాలు.

వాట్సాప్ గ్రూపు ఉందిగా అంటాడు మీ ప్రెసిడెంటు. ఉండనీ. గ్రూపులో లేనివాడికి మాత్రం ఆ లెక్క లేనట్టే. వెబ్ పుట్టిన సెర్న్ సంస్థ దాని సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని 1993 ఏప్రిల్ 30న వదిలేసింది. అలా ఊరికే వచ్చినదానికి నువ్వు లాగిన్ పెట్టావంటే, ఎగువ రైతు రాత్రికి రాత్రి బోదెకు అడ్డుకట్ట వేసినట్టే.

అసలు టెన్షన్ డబ్బు లెక్క పెట్టాక మొదలవుతుంది. ఆ అంకె కాస్త మార్చమని ఫోన్లొస్తాయి. నిజంగా తప్పుంటే మార్చు, కానీ పాత అంకె చెరపకు. దాన్ని కొట్టేసి, పక్కన కొత్తదీ, తేదీ, ఎందుకు మార్చావో రాయి. వికీపీడియాలో ప్రతి పేజీ వెనకా పాత మార్పులన్నీ కనబడతాయి చూడు, అలాగ. సర్కారు ఆఫీసులే ఎవరూ అడక్కుండా వివరాలు బయటపెట్టాలని 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెప్తోంది. మనకు మొహమాటం దేనికి?

అలాగని రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు పెట్టేవు! తూము నంబరూ ఎకరాలూ చాలు.

2022 మేలో అమలాపురం గొడవలప్పుడు కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు కదా. అందుకని వంతుల పట్టిక ఒక కాపీ లాకుల దగ్గర గోడకి కూడా అంటించు.

సైటు తయారయ్యాక నీ పెద్ద ఫోన్లో కాదు, కాలవ శివారున ఉన్న మీ పెదనాన్న పాత ఫోన్లో తెరిచి చూడు. చక్రం తిరుగుతూనే ఉంటే ఫోటోలు తీసెయ్. ముందు ప్రెసిడెంటుగారిదే తీసెయ్.

మీ మావయ్య